పువ్వుకు పట్టం కట్టే ఇత్తడి!

గునుగు, తంగేడు, బంతి, కట్ల... వరుస మీద వరుస పేర్చి నిండుగా బతుకమ్మను తీర్చిదిద్దిన చేతులకు ఏం బహుమతి ఇవ్వాలి? చీరా? స్టీలు డబ్బానా? బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పా? ఏ బహుమతి ఇచ్చినా తీసుకుంటారు, సంతోషిస్తారు. కానీ ఆ పూలకు దీటుగా, పదికాలాల పాటు నిలిచే బహుమతిని చేసే ఊరు మన జనగామ పక్కనే ఉంది. దాని పేరు పెంబర్తి. పూల పండగకూ, ఇత్తడి కళకూ ఉన్న చుట్టరికమేంటో తెలుసుకుంటే... ఈసారి ఊళ్లో పోటీ పెట్టే ముందు నిర్వాహకులు ఒక్కసారైనా ఆలోచిస్తారు!

ఇంగ్లండులో పల్లెటూరి పూల పోటీ అంటే పెద్ద పండగే. గులాబీలూ, డాలియాలూ, ఇంటి పెరట్లో పండించిన కూరగాయలూ బల్లల మీద బారులు తీరతాయి. గెలిచినవాళ్లకు వెండి కప్పు ఇస్తారు. ఆ కప్పు శాశ్వతంగా వాళ్లది కాదు. ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని, తళతళా తోమి, మరుసటి పోటీకి మళ్లీ తెచ్చి అప్పగించాలి. దానిమీద మాత్రం వాళ్ల పేరు చెక్కి ఉంటుంది. అలా ఏళ్లు గడిచేకొద్దీ ఆ కప్పే ఊరి చరిత్ర పుస్తకమైపోతుంది.

మరి మన దగ్గర? పూల పోటీ అన్న పేరు పెట్టుకోలేదు గానీ, ఊరు ఊరంతా పాల్గొనే ఇంత పెద్ద పూల ప్రదర్శన ప్రపంచంలో ఎక్కడుందని! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడివడి మూడు జిల్లాలయ్యాయి. పరిపాలన వేరైనా పూలు వేరు కాలేదు. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజులూ ఈ మూడు జిల్లాల్లో ఏ వాకిట్లో చూసినా పూలే!

ఆకు బహుమతి... లోహం బహుమతి

గెలిచినవాళ్లకు లోహపు కప్పు ఇవ్వడం మొదటి నుంచీ ఉన్న అలవాటేమీ కాదు. ప్రాచీన గ్రీసులో ఒలింపిక్స్ విజేతలకు దక్కింది ఆలివ్ కొమ్మలతో అల్లిన కిరీటమే. అంటే అప్పట్లో మనిషి గెలిస్తే ఆకు బహుమతి. తర్వాతి కాలంలో కథ తిరగబడింది. ఆకూ పువ్వూ గెలిస్తే లోహం బహుమతి!

1804లో ఇంగ్లండులో ఏర్పడిన ఉద్యాన సంఘమే తర్వాత రాయల్ హార్టికల్చరల్ సొసైటీగా పేరు తెచ్చుకుంది. ఆ సంస్థ 1913 నుంచి లండన్‌లోని చెల్సీలో నిర్వహిస్తున్న పూల ప్రదర్శన ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ బంగారు, వెండి పూత, వెండి, కంచు పతకాలు ఇస్తారు. ఇందులో ఓ విశేషముంది. ఒకరి తోటను పక్కవారి తోటతో పోల్చి మార్కులు వేయరు. నిర్ణయించిన ప్రమాణాన్ని అందుకుంటే చాలు. ఎంతమంది అందుకుంటే అంతమందికీ బంగారు పతకమే!

ఆ ముచ్చట మన దేశానికీ వచ్చింది. మద్రాసులో 1835లోనే వ్యవసాయ ఉద్యాన సంఘం ఏర్పడింది. ఊటీ పూల ప్రదర్శనకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఉత్తమ తోటలకు రోలింగ్ కప్పులు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. బెంగళూరు లాల్‌బాగ్‌లో గణతంత్ర దినోత్సవానికోసారి, స్వాతంత్ర్య దినోత్సవానికోసారి గాజు మేడ నిండా పూలు విరబూస్తాయి.

చేతులు మారే కప్పుల కథలు ఫుట్‌బాల్ అభిమానులకూ తెలుసు. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పులో విజేతకు ఇచ్చే ట్రోఫీల్లో ఒకటి సిమ్లా ట్రోఫీ. 1904లో సిమ్లా వాసులు బహూకరించారు దాన్ని. ఇప్పటికీ అది జట్ల చేతులు మారుతూనే ఉంది. ఇచ్చినవాళ్లు లేరు, మొదట గెలిచినవాళ్లూ లేరు. కప్పు మాత్రం ఉంది. లోహానికున్న గొప్పతనం అదే!

సిబ్బి మీద సింగారం

బతుకమ్మకు లోహంతో బంధం కొత్తగా వచ్చిందేమీ కాదు. అసలు పూలు పేర్చేదే తాంబాలం మీదో, ఇత్తడి సిబ్బి మీదో! అమ్మమ్మల కాలం నాటి ఇత్తడి పళ్లెం అటక మీది నుంచి దిగేది ఈ పండక్కే. దాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమి, అడుగున గుమ్మడి ఆకులో, మరో వెడల్పాటి ఆకులో పరుస్తారు. ఆ పైన తంగేడు వరుస, దాని మీద గునుగు వరుస, మధ్యలో ఎర్రగా బంతి, నీలంగా కట్ల. వరుసలు గుండ్రంగా తిరుగుతూ, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతూ గోపురంలా లేస్తాయి. నడుమ బోలుగా ఉంటే కూలిపోతుంది కాబట్టి ఆకులూ, తుంచిన కాడలూ నింపుకొంటూ పోవాలి. శిఖరాన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ.

చూడటానికి సులువుగా కనిపిస్తుంది గానీ ఇందులో లెక్క ఉంది. గునుగు కాడలన్నీ ఒకే పొడవున కత్తిరించాలి. తెల్లటి గునుగును కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఒక వరుస ఎత్తు తగ్గితే పై వరుసలన్నీ ఆ పక్కకే ఒరుగుతాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు. మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ ఒక ఎత్తు. ఇంటింటి పనితనం బయటపడేది ఆ రోజే.

ఇంత కష్టపడి పేర్చింది ఎంతసేపు ఉంటుంది? సాయంత్రం దాకా. చుట్టూ తిరిగి పాడుకుని, ఆడుకుని, చీకటి పడగానే చెరువులో వదిలేస్తారు. పేర్చిన చేతుల పనితనమంతా నీళ్లపాలు. అందులోనే పండగ అందం ఉంది. కానీ, బ్రహ్మాండంగా పేర్చిన ఆ ఇల్లాలి పేరు కూడా దాంతోపాటే నీళ్లలో కలిసిపోతోంది కదా!

పూలతో కాకపోయినా పచ్చదనంతో సాగే పండగ ఇంకోటుంది ఇక్కడ. మహబూబాబాద్ తండాల్లో శ్రావణంలో వచ్చే తీజ్. పెళ్లికాని లంబాడా అమ్మాయిలు బుట్టల్లో మట్టి పోసి గోధుమ నారు పెంచుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ, పాటలు పాడుతూ చూసుకుంటారు. నారు ఎంత ఏపుగా పెరిగితే అంత మంచి జరుగుతుందని నమ్మకం. ఇక్కడా చివరికి నిమజ్జనమే. కప్పులూ పతకాలూ లేకున్నా ఎవరి బుట్ట బాగా పెరిగిందన్నది అందరి కళ్లకూ తెలుసు.

సుత్తి దెబ్బకో పువ్వు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, జనగామ ఇంకా రాకముందే రోడ్డు పక్కన దుకాణాల్లో పసుపు మెరుపులు కనిపిస్తాయి. అదే పెంబర్తి. ఇక్కడి విశ్వకర్మ కుటుంబాల చేతుల్లో ఇత్తడి రేకు మైనంలా వంగుతుంది. ఈ కళకు మూలం కాకతీయుల కాలంలో ఉందని చెబుతారు. గుళ్లకు, రథాలకు లోహపు తొడుగులు చేసేవారట. 1323లో ఓరుగల్లు కోట పతనమయ్యాక రాజుల ఆదరణ పోయింది. తర్వాత నిజాం కాలంలో మళ్లీ చిగురించింది. అయితే గిరాకీ మారింది. గుడి తలుపుల స్థానంలో తాంబూలం పెట్టుకునే పాన్‌దాన్లు, అత్తరు పెట్టుకునే అత్తర్‌దాన్లు చేశారు. ఎవరు అడిగితే వాళ్ల అభిరుచికి తగ్గట్టు చేతిని మలచుకోవడమే ఈ కళ ఇన్నాళ్లు బతకడానికి కారణం.

ఇప్పుడు అడుగుతున్నది జ్ఞాపికలు! సభల్లో అతిథులకిచ్చే కాకతీయ తోరణాలు, చార్మినార్లు, దేవతామూర్తులు, షీల్డులు... ధ్వజస్తంభాల తొడుగులూ, మకర తోరణాలూ చేసిన చేతులే వీటినీ చేస్తున్నాయి. పెంబర్తి లోహ కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తికి చోటిచ్చింది. మన రాష్ట్రం నుంచి దానితోపాటు ఎంపికైన మరో ఊరు సిద్దిపేట జిల్లాలోని చంద్లాపూర్.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. రాగి, జింకు కలిస్తే ఇత్తడి. ముందుగా రేకు మీద బొమ్మ గీసుకుంటారు. దాన్ని లక్క దిమ్మె మీద అతికిస్తారు. రేకు కింద గట్టి రాయి ఉంటే చిరిగిపోతుంది, మెత్తటి మట్టి ఉంటే అణిగిపోతుంది. లక్క మాత్రం దెబ్బను ఎంత తీసుకోవాలో అంతే తీసుకుంటుంది. ఆపైన రకరకాల ఉలులతో, సన్నటి సుత్తి దెబ్బలతో వెనక నుంచి ఉబ్బించి, ముందు నుంచి గీతలు దిద్దుతారు. కొడుతున్నకొద్దీ ఇత్తడి బిగుసుకుపోతుంది. అప్పుడు రేకును కాల్చి మళ్లీ మెత్తబరచాలి. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం... బొమ్మ పూర్తయ్యాక వేడిచేసి లక్క నుంచి విడదీసి, కడిగి, మెరుగు పెడతారు.

గమనిస్తే పూలు పేర్చే పనికీ, దీనికీ పోలిక దొరుకుతుంది. అక్కడ పువ్వు పక్కన పువ్వు, ఇక్కడ దెబ్బ పక్కన దెబ్బ. ఒక్కటి తప్పినా వరుస చెడుతుంది. అందుకే, పూలు పేర్చిన చేతికి ఇత్తడి మలచిన చెయ్యి ఇచ్చే బహుమతి కన్నా తగినదేముంటుంది?

ఇద్దరిదీ ఒకే కష్టం

అంతా బాగానే ఉంది. మరి పెంబర్తి షీల్డు ఊరి బతుకమ్మ పోటీ దాకా ఎందుకు రావడం లేదు?

మొదటి కారణం ధర. ఇత్తడి ఖరీదైన లోహం. దానికి చేతిపని తోడవుతుంది. పట్నంలో ట్రోఫీల దుకాణానికి వెళ్తే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కప్పులు, అక్రిలిక్ షీల్డులు వరసగా పేర్చి ఉంటాయి. పేరు రాసిన స్టిక్కరు అతికిస్తే పని అయిపోతుంది. చేత్తో చేసే జ్ఞాపికకు ముందే చెప్పాలి, ఓపిక పట్టాలి. పండగ రెండు రోజుల్లో ఉందనగా మేల్కొనే నిర్వాహకులకు అంత తీరికేదీ? ఫలితం... ఒకప్పుడు ఊరంతా సుత్తి చప్పుడు వినిపించే పనిలోకి ఇప్పుడు పిల్లలు రావడానికి ఆలోచిస్తున్నారు. భౌగోళిక గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది గానీ, పని ఇవ్వదు. పని ఇవ్వాల్సింది కొనేవాళ్లే.

పూల కష్టం ఇంకో రకం. గునుగు ఎవరూ విత్తి పెంచే మొక్క కాదు. జొన్న, మొక్కజొన్న, పత్తి చేలల్లో తనంతట తానే మొలిచే కలుపు. రైతు దృష్టిలో పీకేయాల్సిన మొక్క, ఇల్లాలి దృష్టిలో కోసుకోవాల్సిన పువ్వు! ఒకప్పుడు చేత్తో కలుపు తీసేవారు కాబట్టి గట్ల మీదైనా కొంత మిగిలేది. కలుపు మందులు వచ్చాక చేనూ గట్టూ ఒక్కసారే శుభ్రమైపోతున్నాయి. తంగేడుది మరో కథ. రాష్ట్రం ఏర్పడ్డాక దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. బీడు భూముల్లో, గుట్టల అంచుల్లో పెరిగే ఈ పొద బెరడును తోళ్లు శుద్ధిచేయడానికి వాడేవారు. బీళ్లు ప్లాట్లయ్యాక, గుట్టలు కంకరయ్యాక అది ఎక్కడ పూయాలి? అందుకే పట్టణాల్లో గునుగూ తంగేడూ కట్టలు కట్టి బజారులో అమ్ముతున్నారు. ఉదయాన్నే పిల్లలు చేలల్లోకి పరుగెత్తి ఒడినిండా కోసుకొచ్చిన పువ్వు ఇప్పుడు బేరమాడి కొనే సరుకైంది.

పోటీల వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగైంది. 2016 అక్టోబరు 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది మహిళలు ఒక్కచోట బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. పండగకు గుర్తింపు పెరిగింది. విదేశాల్లో ఉన్న మనవాళ్లూ అక్కడ దొరికే పూలతోనే పేర్చి సంబరాలు చేసుకుంటున్నారు. అయితే పోటీ అనగానే కొలత ఎత్తు మీదికి వెళ్లిపోతుంది. ఎవరిది ఎక్కువ ఎత్తుంటే వాళ్లదే మొదటి బహుమతి అంటే, ఎక్కువ పూలు కొనగలిగినవాళ్లదే గెలుపు. కాగితం పూలూ ప్లాస్టిక్ పూలూ దూరేది అక్కడే. చేనుగట్టున తిరిగి తొమ్మిది రకాల పూలు ఏరుకొచ్చి, మూరెడు ఎత్తున ముద్దుగా పేర్చిన అమ్మ వెనకబడిపోతుంది.

ఊరికో కప్పు... గోడమీద కాదు, చేతిలో చరిత్ర

దీనికి పరిష్కారం పెద్ద కష్టమైనదేమీ కాదు. ఏటా పది చిన్న కప్పులు కొనే బదులు ఊరంతా కలిసి ఒక్కసారి ఒక్క మంచి ఇత్తడి బతుకమ్మను చేయించుకుంటే చాలు. అదే ఊరి ట్రోఫీ. గెలిచినవాళ్ల ఇంట్లో ఏడాది ఉంటుంది. తర్వాత చేతులు మారుతుంది. ఏటా అయ్యే ఖర్చు పేరు చెక్కించడానికే. చీర చిరుగుతుంది, ప్లాస్టిక్ కప్పు విరుగుతుంది. ఇత్తడిని మాత్రం ఎన్నేళ్లయినా తోమితే మెరుస్తుంది. మరీ పాతబడితే కరిగించినా దాని విలువ దానికి ఉంటుంది.

ఇలా పోటీ పెట్టాలనుకునే వారు కొన్ని నియమాలు పెట్టుకుంటే మేలు.

* ఎత్తుకు కాదు, పూల రకాలకు ఎక్కువ మార్కులు. ఊరి పొలిమేరలో పూసిన పువ్వుకు మొదటి స్థానం.

* కాగితం, ప్లాస్టిక్, థర్మోకోల్ వాడితే పోటీకి అనర్హత. చెరువులో కలిసేది చెరువుకు చెరుపు చేయకూడదు కదా!

* చెల్సీ పద్ధతిలో, ప్రమాణం అందుకున్న అందరికీ ప్రశంసాపత్రం. ట్రోఫీ మాత్రం ఒక్కరికే.

* పెద్దవాళ్లతో పాటు ఆడపిల్లలకు విడిగా పోటీ. పేర్చడం నేర్చుకునేది ఆ వయసులోనే.

* గట్ల మీద కొంత మేరైనా కలుపు మందు చల్లకుండా గునుగుకు వదిలిన రైతుకు ఓ సన్మానం. పువ్వు ఉంటేనే కదా పోటీ!

* జ్ఞాపిక కావాలంటే పండక్కి కనీసం రెండు నెలల ముందే కళాకారులకు చెప్పడం. చేతి పనికి సమయమే పెట్టుబడి.

పేరు నిలబెట్టే పని

పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కొంతకాలం భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలోకి వచ్చింది. గణపతిదేవుడి కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్టు శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంత గొప్ప గుడిని జనం కట్టించిన సేనాని పేరుతో కాకుండా, చెక్కిన శిల్పి పేరుగా చెప్పుకునే 'రామప్ప' అనే పిలుస్తారు. డబ్బు పెట్టినవాడి పేరు రాతి మీద ఉంది. పనిచేసినవాడి పేరు జనం నాలుక మీద ఉంది!

అలాంటి అదృష్టం అందరికీ పట్టలేదు. మన ఊళ్లలో గుడి గోడ మీద చూడండి, బడి గేటు మీద చూడండి, బస్టాండు బల్ల మీద చూడండి. విరాళమిచ్చిన వారి పేర్లుంటాయి. వాటిలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని? ఏటా తొమ్మిది రోజులు ఊరికి రంగులద్దే ఆ చేతుల తాలూకు పేరు ఎక్కడా ఒక్క అక్షరమైనా రాసిలేదు. ఊరి బతుకమ్మ ట్రోఫీ మీద ఏటా ఒక పేరు చెక్కితే, పాతికేళ్లకు పాతిక పేర్లవుతాయి. 'ఇదిగో, మా నానమ్మ పేరు' అని ఓ మనవరాలు వేలు పెట్టి చూపిస్తుంది. అంతకన్నా గొప్ప శాసనం ఇంకేం కావాలి?

బతుకమ్మ అంటేనే బతుకునిచ్చే అమ్మ. పేర్చిన చేతికి పేరు, మలచిన చేతికి పని, పూసిన పువ్వుకు చోటు... మూడూ దొరికితే పండగ నిజంగా పండగే. పువ్వు సాయంత్రానికి చెరువు చేరుతుంది. ఇత్తడి మాత్రం ఇంటికొచ్చి, వచ్చే ఏడాది పూల కోసం ఎదురుచూస్తుంది!